పాప్-అప్ ట్రైలర్ కొనే ముందు కాటా ఎక్కించండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మధురవాడలో ఉంటారు, ఏడు సీట్ల డీజిల్ ఎస్‌యూవీ ఉంది. పైకప్పు పైకి లేచి, రెండు చివరలా పరుపులు బయటికి జరిగే పాప్-అప్ క్యాంపింగ్ ట్రైలర్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో చూశారు. ఖాళీ బరువు 750 కిలోలని అమ్మేవారు చెబుతున్నారు. మీరిద్దరూ, ఇద్దరు పిల్లలూ, మీ నాన్నగారూ కలిసి అరకు, లంబసింగి తిరగాలని కోరిక. కొనవచ్చా, ఘాట్ రోడ్డు మీద మీ బండి దాన్ని లాగుతుందా అన్నది ప్రశ్న.

ఈ ట్రైలర్లతో మన రోడ్ల మీద చాలా ఏళ్లుగా తిరుగుతున్నవాణ్ని కాబట్టి వివరంగా రాస్తున్నాను. మీ డీజిల్ ఇంజను దాన్ని లాగుతుంది, అందులో నాకు అనుమానం లేదు. ఘాట్ దిగేటప్పుడు మీ బండి దాన్ని ఆపగలదా అన్నదే నా బెంగ. మీ ప్రశ్నలో బ్రేకుల మాట ఒక్కసారి కూడా రాలేదు. అందుకే బరువు, బ్రేకులు అనే రెండింటి మీద ఎక్కువ రాస్తాను. ఫ్రిజ్, ఏసీ, లైట్ల సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ముందు మీ కారు మాన్యువల్ తీయండి. ట్రైలర్ లాగడం గురించి అందులో విడిగా రాసి ఉంటుంది. మన దేశంలో అమ్మే చాలా మోడళ్ల మాన్యువల్‌లో ట్రైలర్ లాగవద్దనే ఉంటుంది. అదే మోడల్‌కు విదేశాల్లో రెండు వేల కిలోలకు పైగా పరిమితి చూపిస్తుండవచ్చు. ఆ అంకె చూసి సంబరపడవద్దు. గేరు నిష్పత్తులు, ఇంజను చల్లబడే ఏర్పాటు, ఛాసిస్ మీద హుక్కు బిగించే చోట్లు దేశాన్ని బట్టి మారుతుంటాయి. రేపు ఏదైనా జరిగితే వారంటీ ఇచ్చేవాళ్లూ బీమా వాళ్లూ ఇక్కడి మాన్యువల్‌నే తెరుస్తారు. లాగవద్దని స్పష్టంగా ఉంటే ఈ కారుతో ఈ ఆలోచన మానుకోండి, కారు పైకప్పు మీద బిగించే టెంటు చూడండి. అంకె ఇచ్చి ఉంటే మూడు విషయాలు రాసుకోండి: బ్రేకులున్న ట్రైలర్‌కు పరిమితి, బ్రేకుల్లేని ట్రైలర్‌కు పరిమితి, హుక్కు మీద నిలువుగా పడగల గరిష్ఠ బరువు. మూడోదాన్ని ఎవరూ చూడరు, మీ కుటుంబానికి మాత్రం అదే కీలకం.

ఎందుకో లెక్క వేసి చూపిస్తాను. 750 కిలోలు ఖాళీ బరువు. దాంట్లో 60 లీటర్ల నీళ్ల ట్యాంకు నింపితే 60 కిలోలు. బ్యాటరీ ఒక పాతిక. ఇంట్లో వాడే 14.2 కిలోల గ్యాస్ సిలిండరు పెడితే ఇనుముతో కలిపి దాదాపు 30. పరుపులు, దుప్పట్లు, మడత కుర్చీలు, వంట సామాను, బియ్యం, కూరగాయలు, ఐస్ పెట్టె, స్టెప్నీ, జాకీ కలిపితే వంద దాటకుండా ఆపడం కష్టం. అంటే రోడ్డెక్కేటప్పటికి ట్రైలర్ 950 కిలోలకు అటూఇటూ ఉంటుంది. ట్రైలర్ నిలకడగా నడవాలంటే అందులో సుమారు పదో వంతు ముందు ముక్కు మీద, అంటే కారు హుక్కు మీద పడాలి. అది 95 కిలోలు. ఈ 95 కిలోలు కారు మోయాల్సిన బరువులో కలుస్తాయి. మీ కారు గరిష్ఠ బరువులోంచి ఖాళీ బరువు తీసేస్తే 550 కిలోలు మిగులుతాయని అనుకుందాం. ఐదుగురికి 300, డిక్కీలో సామాను 60, హుక్కు సామగ్రి 25, ముక్కు బరువు 95. మొత్తం 480. పరిమితిలోనే ఉన్నారు గానీ, ఆ 70 కిలోల వెసులుబాటు చూసి పైకప్పు మీద క్యారియర్ పెట్టి సామాను ఎక్కిస్తే అదీ అయిపోతుంది. ఇవే అంకెల చోట మీ కారువి వేసి చూడండి.

ఇక అమ్మేవారు చెప్పిన 750ని నమ్మకండి. ఆయన అబద్ధం చెబుతున్నారని నా ఉద్దేశం కాదు. ఆ అంకె ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చిన రోజుది. తర్వాత ఎవరో గుడారం ముందు చూరు బిగించి ఉంటారు, ఇంకెవరో రెండో బ్యాటరీ పెట్టి ఉంటారు, నేలకు కొత్త ప్లైవుడ్ కొట్టి ఉంటారు. విశాఖలో ఉన్నవాళ్లకు ఒక అదృష్టం ఉంది. పోర్టు, ఉక్కు కర్మాగారం పుణ్యమా అని గాజువాక, ఆటోనగర్ వైపు లారీలు తూచే వేబ్రిడ్జీలకు కొదవ లేదు. బేరం కుదరక ముందే ట్రైలర్‌ను అక్కడికి తెప్పించమనండి. చీటీ మీద అచ్చయి వచ్చే బరువే మీకు ప్రమాణం. ఒప్పుకోకపోతే ఆ ట్రైలర్ మీకు అక్కరలేదు.

లారీల కాటా ముక్కు బరువు తూచడానికి పనికిరాదు, అది సాధారణంగా పది కిలోల అంచెల్లో చూపిస్తుంది. దానికి బస్తాలు తూచే ప్లాట్‌ఫారం కాటా కావాలి. ఏ హోల్‌సేల్ బియ్యం కొట్లోనో పాత ఇనుము కొట్లోనో అడిగితే ఉంటుంది. ట్రైలర్‌ను ప్రయాణానికి సిద్ధం చేసినట్టే సామానుతో నింపి, చదునైన నేల మీద నిలిపి, చక్రాలకు ముందూ వెనుకా అడ్డు దిమ్మలు పెట్టండి. కాటా మీద ఒక చెక్క దిమ్మ నిలిపి, కారుకు తగిలించినప్పుడు ముక్కు ఏ ఎత్తులో ఉంటుందో అదే ఎత్తులో దాని మీద ఆనించండి. ముక్కు దగ్గర ఉండే చిన్న ముందు చక్రం నేలకు తగలకుండా పైకి తిప్పేయండి. వచ్చిన అంకె మొత్తం బరువులో పదో వంతుకు బాగా తక్కువగా ఉంటే బరువైన సామాను ఇరుసుకు ముందుకు జరపండి, హుక్కు పరిమితి దాటితే కొంచెం వెనక్కి. నీళ్ల ట్యాంకు ఇరుసుకు ముందుందో వెనుకుందో కూడా చూడండి. వెనుక ఉన్న ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ముక్కు తేలిపోతుంది. ట్రైలర్ హైవే మీద అటూఇటూ ఊగడానికి ముఖ్య కారణాల్లో ఇదొకటి. నేనైతే ట్యాంకు ఖాళీగానే తీసుకెళ్లి, ఉండే చోటికి చేరాక నింపుకుంటాను.

బ్రేకుల దగ్గరికి వద్దాం. ఐరోపాలో 750 కిలోల గరిష్ఠ బరువు దాటిన ట్రైలర్‌కు సొంత బ్రేకులు తప్పనిసరి. మీరు చూసినది ఖాళీగానే ఆ గీత మీద ఉంది. కాబట్టి దానికి బ్రేకులు లేకపోతే ఇక్కడితో ఆగిపోండి, ధర ఎంత తక్కువైనా సరే. ఉంటే అవి ఏ రకమో చూడండి. ఎక్కువగా కనిపించేది ఒత్తిడి బ్రేకు: కారు వేగం తగ్గినప్పుడు ట్రైలర్ ముందుకు నెడుతుంది, ముక్కులోని కడ్డీ లోపలికి జరిగి కేబుల్ లాగుతుంది, బ్రేకులు పడతాయి. వైర్లు, కంట్రోలర్ అక్కరలేదు, మరమ్మతు సులభం. కరెంటు బ్రేకులైతే డ్రైవరు పక్కన కంట్రోలర్ ఉండాలి, దాన్ని సరిచేసేవాళ్లు మన దగ్గర అరుదు. రెండు రకాల్లోనూ ఒకటి ఉండి తీరాలి: ట్రైలర్ కారు నుంచి తెగిపోతే దానంతట అదే బ్రేకు పడేలా లాగే తీగ. దాన్ని కారు ఛాసిస్‌కు తగిలించాలి, హుక్కు బాల్‌కు, అంటే ట్రైలర్ ముక్కు కూర్చునే ఇనుప గుండుకు కాదు. బాలే ఊడితే తీగ కూడా దానితో పోతుంది కదా.

సెకండ్ హ్యాండ్ ట్రైలర్ చూసేటప్పుడు మన ఊరి శత్రువు ఉప్పుగాలి. బీచ్ రోడ్డు పక్క ఇళ్లలో కిటికీ ఊచలు ఎలా తినేస్తుందో మీకు తెలుసు. ట్రైలర్ ఎక్కడ నిలిపి ఉంచారో మొదట అడగండి. భీమిలి వైపు ఆరుబయట వానాకాలాలు గడిపిన దానికీ, పెందుర్తి వైపు షెడ్డులో ఉన్న దానికీ చాలా తేడా ఉంటుంది. కిందికి దూరి ఛాసిస్ వెల్డింగు అతుకులు, కమాను పట్టీలు, ఇరుసు బిగించిన బోల్టులు టార్చి వేసి చూడండి. కొత్తగా నల్ల రంగు వేసి ఉంటే స్క్రూడ్రైవరు మొనతో తట్టండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు పొరలు పొరలుగా రాలుతుంది. పైకి కనిపించే తుప్పు మరకలకు భయపడనక్కరలేదు. ముక్కు కడ్డీ ఛాసిస్‌కు అతికే చోట, కమాన్లు వేలాడే బ్రాకెట్ల దగ్గర తుప్పు లోతుగా దిగి ఉంటే మాత్రం వద్దు.

తర్వాత మొత్తం తెరిపించండి. తెరిచి ఉంచి, కొద్ది నిమిషాలు కాదు, ఒక గంట అక్కడే ఉండండి. పైకప్పు చేత్తో తిప్పే వించితో లేస్తుంది. లోపల ఉక్కు తీగలు కప్పీల మీదుగా నాలుగు మూలల గొట్టాలకు వెళ్తాయి. నాలుగు మూలలూ ఒకేసారి లేవాలి. ఒక మూల వెనుకబడితే తీగ సాగిపోయింది లేదా కప్పీ బిగుసుకుపోయింది. తీగలో ఒక్క పోగు తెగి బయటికి వచ్చినా మార్పించాల్సిందే. పైకప్పు లేచేటప్పుడూ దిగేటప్పుడూ దాని కిందికి పిల్లల్ని రానివ్వవద్దు. లేచాక మూలలకు ఆపు కడ్డీలు పెట్టనిదే ఎవరూ లోపలికి వెళ్లకూడదు. ఈ నియమం కొనే రోజునుంచే పాటించండి.

పైకప్పు లేచాక గోడల్లా నిలిచే గుడారం గుడ్డను వాసనతో మొదలుపెట్టండి. బూజు వాసన ముక్కుకు తగిలిందంటే తడిగా మడిచి పెట్టారని అర్థం. కుట్ల వెంట నల్ల చుక్కలు, మడతలు పడే చోట చిల్లులు, జిప్పుల పళ్లు, దోమతెర, పారదర్శక ప్లాస్టిక్ కిటికీలు పగిలాయేమో చూడండి. లోపల నిలబడి, తలుపులన్నీ మూయించి, బయటి వెలుతురు సూది మొనల్లా ఎక్కడ దిగుతోందో చూడండి. గుడ్డ మొత్తం మార్పించడం ఈ ట్రైలర్లలో అన్నిటికంటే పెద్ద ఖర్చు, కొలతల ప్రకారం కుట్టగలవాళ్లను వెతకడం అంతకంటే పెద్ద పని. నేల ప్లైవుడ్‌ను అంచుల వెంట మడమతో నొక్కండి. మెత్తగా దిగితే లోపల కుళ్లింది. బయటికి జరిగే పరుపుల పలకల కింద ఆనుడు కడ్డీలు రెండు వైపులా ఉన్నాయా, వంగాయా చూడండి. మీ నాన్నగారిని కూర్చోబెట్టే ముందు మీరు ఎక్కి పడుకోండి.

టైర్ల పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది, మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. ట్రైలర్ టైర్లు అరగవు, ముసలివై పగులుతాయి. ఆరేళ్లు దాటితే గాడులు ఎంత కొత్తగా ఉన్నా మార్చండి. చక్రాన్ని జాకీ మీద లేపి, పైనా కిందా పట్టుకుని ఊపండి. కదలిక తెలిస్తే బేరింగు పోయింది. తర్వాత పదిహేను కిలోమీటర్లు నడిపించి చక్రం మధ్య భాగాన్ని చేత్తో తాకి చూడండి. గోరువెచ్చగా ఉండాలి. చేయి పెట్టలేనంత వేడి ఉంటే బేరింగుకు గ్రీజు లేదు లేదా బ్రేకు పట్టేసి ఉంది.

హుక్కు విషయంలో ఒక చిన్న అంకె గుర్తుపెట్టుకోండి. ఐరోపా పద్ధతి బాల్ 50 మిల్లీమీటర్లు, అమెరికా పద్ధతి రెండంగుళాల బాల్ 50.8 మిల్లీమీటర్లు. కంటికి ఒకేలా ఉంటాయి. 50 బాల్ మీద రెండంగుళాల కప్లర్ (బాల్‌ను పట్టుకునే ట్రైలర్ ముక్కు కొన) వదులుగా కూర్చుని గుంతల్లో టకటకలాడుతుంది. రెండంగుళాల బాల్ మీద 50 కప్లర్ పూర్తిగా దిగకుండానే దిగినట్టు కనిపిస్తుంది, అది మరీ ప్రమాదం. సన్నని కొలతలు తీసే వెర్నియర్‌తో కొలిపించండి. హుక్కును ఛాసిస్‌కు బోల్టులతో బిగించాలి. అందం కోసం బంపర్‌కు వెల్డింగు చేసిన హుక్కులు రోడ్డు మీద చాలా కనిపిస్తుంటాయి, వాటికి దేన్నీ తగిలించకండి. ట్రైలర్ లైట్ల వైర్లను కారు వైర్లలోకి కోసి కలపనివ్వకండి, కొత్త కార్ల కంప్యూటర్ గందరగోళపడుతుంది. ట్రైలర్ లైట్లను కారు వైర్లతో కలవకుండా విడిగా వెలిగించే రిలే మాడ్యూల్ పెట్టించండి.

కాగితాల మాట రెండు ముక్కల్లో. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రైలర్‌కూ సొంత రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆర్‌సీ లేకుండా ఏదో వర్క్‌షాపులో కట్టిన ట్రైలరైతే ఎంత బాగున్నా వదిలేయండి, ఆ తర్వాత రిజిస్టర్ చేయించడం మీ వల్ల కాదు. ఆర్‌సీ ఉంటే ఛాసిస్ మీద చెక్కిన నంబరు దానితో సరిపోవాలి. పేరు మార్పుకు ఫారం 29, 30 సంతకాలు చేయించుకోండి, బయటి రాష్ట్రానిదైతే ఫారం 28 ఎన్‌ఓసీ కూడా. హుక్కు బిగించిన సంగతి, ట్రైలర్ లాగుతున్న సంగతి కారు బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలిపి జవాబు తీసుకోండి. ట్రైలర్‌కు బీమా విడిగా అడగండి.

నడపడం అనుకున్నంత కష్టం కాదు. మూసిన పాప్-అప్ ఎత్తు తక్కువ కాబట్టి గాలి పెద్దగా పట్టదు, వెనుక అద్దంలో రోడ్డు కనిపిస్తుంది. మొదటి కొన్ని వారాలు ఆనందపురం వైపు ఖాళీ లేఅవుట్లలో రివర్స్ నేర్చుకోండి. స్టీరింగు అడుగున చేయి పెట్టి, ట్రైలర్ తోక ఎటు వెళ్లాలో చేతిని అటు జరపండి. కొంచెం కొంచెంగానే తిప్పండి. వంకర ఎక్కువైతే సరిచేయాలని చూడకుండా ముందుకు వెళ్లి మళ్లీ మొదలుపెట్టండి. తర్వాత 16వ నంబరు జాతీయ రహదారి మీద ఉదయం పూట విజయనగరం వైపు వెళ్లి రండి. 60, 65 దాటవద్దు. బస్సో లారీయో దాటుతున్నప్పుడు ముందు తోసినట్టు, తర్వాత లాగినట్టు ఉంటుంది. ట్రైలర్ ఊగడం మొదలైతే బ్రేకు తొక్కకండి, స్టీరింగుతో ఎదురు తిప్పకండి. యాక్సిలరేటర్ వదిలి, స్టీరింగు తిన్నగా పట్టుకోండి, వేగం తగ్గేకొద్దీ సర్దుకుంటుంది. సర్దుకున్నాక పక్కకు ఆపి సామాను ముందుకు జరపండి. వేగం ఇంకొంచెం పెంచితే కుదురుకుంటుందని చెప్పేవాళ్ల మాట వినకండి.

ఇప్పుడు అరకు. శృంగవరపుకోట దాటాక మొదలయ్యే ఘాట్ మిమ్మల్ని సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉన్న లోయకు తీసుకెళ్తుంది. ఎక్కేటప్పుడు సమస్య ఇంజను వేడి, మలుపుల్లో ట్రైలర్ లోపలి అంచును కోసుకుంటూ రావడం. మీది ముందు చక్రాలతో నడిచే కారైతే ఇంకొకటి: ముక్కు బరువు కారు వెనుక భాగాన్ని నొక్కి ముందు చక్రాలను తేలిక చేస్తుంది, తడి ఎత్తు మీద ఆగి మళ్లీ కదలాలంటే చక్రాలు జారతాయి. వేబ్రిడ్జి దగ్గర ముందు చక్రాలు మాత్రం ఎక్కించి, ట్రైలర్ ఉన్నప్పుడూ లేనప్పుడూ తూచి చూస్తే ఎంత తగ్గిందో తెలిసిపోతుంది.

దిగేటప్పుడు అసలు పరీక్ష. తక్కువ గేరులో వేగం పట్టి ఉంచినా ట్రైలర్ కారును నెడుతూనే ఉంటుంది, కాబట్టి ఒత్తిడి బ్రేకు మైళ్ల కొద్దీ సగం పట్టుకునే ఉంటుంది. లైనింగు వేడెక్కి పట్టు తగ్గుతుంది. ఆ తగ్గిన భారమంతా కారు బ్రేకుల మీదికి వస్తుంది, అవి కూడా అప్పటికే వేడిగా ఉంటాయి. ఎక్కడానికి వాడిన గేరు కంటే ఒకటి తక్కువలో దిగండి. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకుండా గట్టిగా తొక్కి వదిలే పద్ధతి పాటించండి. అనంతగిరి నుంచి కిందికి వచ్చే దారిలో వెడల్పైన చోటు కనిపించిన ప్రతిసారీ ఆగండి. లైనింగు కాలిన వాసన వస్తే అరగంట ఆగండి, నీళ్లు పోయకండి. కోతులు ఉంటాయి, ఆగినప్పుడు తిండి బయట పెట్టవద్దు.

నిజాయితీగా నా సలహా: మొదటి ఏడాది ఘాట్ ఎక్కించకండి. శృంగవరపుకోట చుట్టుపక్కల మామిడి తోటలో చోటు అడిగి ట్రైలర్ అక్కడ నిలిపి, కారుతో పైకి వెళ్లి సాయంత్రానికి తిరిగి రండి. పిల్లలకు సరదాలో ఏ లోటూ ఉండదు. లంబసింగికి మాత్రం ట్రైలర్ ఆలోచనే వద్దు. నర్సీపట్నం దాటాక దారి ఇరుకు, డిసెంబరు, జనవరి వారాంతాల్లో తెల్లవారుజామున మంచు చూడటానికి వచ్చే కార్లు రెండు వైపులా బారులు తీరతాయి. అక్కడ ట్రైలర్‌తో వెనక్కి తిరగడానికి చోటుండదు. ఇసుక మీదికి కూడా దింపకండి, యారాడ అయినా భీమిలి అయినా. చక్రం కూరుకుపోతే తాళ్లు కట్టి లాగించుకోవాలి.

క్యాంపు వేసేటప్పుడు కారు తగిలించి ఉండగానే ఎడమ, కుడి మట్టం చూసుకుని పల్లంగా ఉన్న చక్రం కింద పలక పెట్టండి. అడ్డు దిమ్మలు పెట్టాకే కారు విప్పాలి, ఆపైన ముందు చక్రంతో ముందు వెనుకల మట్టం. మూలల్లోని కాళ్లు ఊగకుండా ఆపడానికి మాత్రమే, వాటితో ట్రైలర్‌ను లేపకూడదు. గ్యాస్ పొయ్యి బయటే. చలికి గుడ్డ తలుపులన్నీ మూసి లోపల పొయ్యి గానీ కుంపటి గానీ వెలిగిస్తే ఆ పొగలోని విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. మీ నాన్నగారికి చివర బయటికి జరిగే పరుపు ఎత్తు ఎక్కువవుతుంది, రాత్రి లేవాల్సి వస్తే ఇబ్బంది. మధ్యలో బల్ల దించితే మంచమయ్యే చోటు ఉంటుంది, ఆయనకు అది ఇవ్వండి.

ఇంటికి వచ్చాక తడి గుడ్డను మరుసటి రోజుకు మించి మడిచి ఉంచకండి. మీ అపార్ట్‌మెంటులో దాన్ని పూర్తిగా తెరిచి ఆరబెట్టే చోటు ఉందా అన్నది బేరానికి ముందే తేల్చుకోండి, సంఘం వాళ్లను అడిగి. అక్టోబరు, నవంబరుల్లో తుపాను హెచ్చరిక వస్తే నేలకు గొలుసులతో కట్టేసే కొక్కేలు కూడా కావాలి. 2014లో హుద్‌హుద్ చూసినవాళ్లకు తేలికైన వస్తువులు ఎంత దూరం పోతాయో చెప్పనక్కరలేదు.

కాటా చీటీ, ముక్కు బరువు, బ్రేకు రకం, టైర్ల తేదీ, మీ కారు మాన్యువల్‌లో ట్రైలర్ గురించిన పేజీ ఫోటో, ఈ ఐదూ పంపండి. చూసి ఆ ధరకు తీసుకోవచ్చో లేదో చెబుతాను. అప్పటిదాకా అడ్వాన్సు ఇవ్వవద్దు.